మిలిటరీ నుంచి పరిచర్యకు: రిటైరవుతున్న సైనికులు తరచుగా అడిగే ప్రశ్నలు

డిశ్చార్జ్ దగ్గరపడుతున్న జవాన్లు, జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చేస్తున్న తమ్ముళ్లు, కొన్నిసార్లు వాళ్ల భార్యలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. నేనూ పట్టాలంలో పనిచేసి వచ్చినవాడినే. తర్వాత క్రైస్తవ వేదాంతం చదివి, ఇప్పుడు ఆసుపత్రి పరిచర్యలో, అంటే రోగుల మధ్య చేసే చర్చి సేవలో ఉన్నాను. సమాధానాలు ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణల్లోని ప్రొటెస్టంట్ సంఘాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కాథలిక్కులకు, అమెరికాలో ఉన్నవాళ్లకు విడిగా రాశాను.

తుపాకీ పట్టిన చేతులతో బైబిలు పట్టుకుంటావా అని మా ఊళ్లో ఒక పెద్దాయన అన్నారు. ఏం చెప్పాలి?

ఆ మాట వెనక సాధారణంగా దావీదు కథ ఉంటుంది. నువ్వు చాలా రక్తం ఒలికించావు కాబట్టి నా మందిరం కట్టకూడదని దేవుడు అతనితో అన్నాడని దినవృత్తాంతముల మొదటి గ్రంథంలో ఉంది. అది బరువైన మాట. దాన్ని తేలిగ్గా తీసేయమని నేను చెప్పను. కానీ అదే దావీదు పేరుతో మనకు అందిన కీర్తనలను ఈరోజుకీ మన సంఘాల్లో పాడుతున్నాం, చావుఇంట్లో చదువుతున్నాం. మందిరం కట్టే పని అతనికి దక్కలేదు, ప్రార్థన నేర్పే పని దక్కింది.

కొత్త నిబంధనకు వస్తే, సైనికులు బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు వెళ్లి మేమేం చేయాలని అడిగారు. ఆయన ఉద్యోగం వదిలేయమనలేదు. ఎవరినీ బాధపెట్టొద్దు, ఎవరి మీదా అబద్ధపు నింద వేయొద్దు, మీ జీతంతో తృప్తిగా ఉండండి అన్నాడు. పేతురు గడప దాటి వెళ్లి సువార్త చెప్పిన అన్యుల ఇల్లు కొర్నేలీ అనే శతాధిపతిది, అంటే ఒక సైనికాధికారిది.

చరిత్రలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. ఇగ్నేషియస్ లొయోలా 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి మంచాన పడ్డాడు. ఆయన స్థాపించిన జెస్యూట్ సభకు (కాథలిక్ సన్యాసుల సంఘానికి) 1540లో పోప్ ఆమోదం దొరికింది. నాకు మాత్రం కమిల్లస్ డి లెల్లిస్ ఇంకా దగ్గరివాడిగా అనిపిస్తాడు. 1550లో ఇటలీలో పుట్టాడు. జీతం ఎవరిస్తే వాళ్ల తరఫున యుద్ధం చేసే సైనికుడు. జూదంలో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. కాలికి పడిన పుండు చనిపోయేదాకా మానలేదు. ఆ పుండు చూపించుకోవడానికి రోమ్‌లో ఆసుపత్రికి వెళ్లినవాడే చివరికి అక్కడి రోగులకు సేవకుడయ్యాడు. తను స్థాపించిన సభలోని వాళ్లను యుద్ధరంగంలో గాయపడినవారి దగ్గరకు కూడా పంపాడు. వాళ్ల నల్ల అంగీ మీద ఎర్ర సిలువ ఉండేది. రెడ్‌క్రాస్ పుట్టడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా ముందటి సంగతి ఇది. ఆసుపత్రి పరిచర్య చేయాలనుకునే ప్రతి మాజీ సైనికుడూ ఆయన జీవితం తెలుసుకోవాలి.

ఇది నిజంగా పిలుపేనా, లేక రిటైరయ్యాక ఏం చేయాలన్న టెన్షనా? ఎలా తెలుస్తుంది?

సిపాయిగా రిటైరయ్యేవాళ్లకు చాలామందికి అప్పటికి నలభై కూడా నిండవు. పొద్దున పీటీ నుంచి సాయంత్రం రోల్ కాల్ దాకా మన రోజును ఇన్నేళ్లూ ఎవరో నడిపించారు. అది ఒక్కసారిగా ఆగిపోతే లోపల పెద్ద ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో పాస్టర్ అనే పదవి ఆకర్షణీయంగా కనబడటం సహజం. మళ్లీ ఒక హోదా, మళ్లీ నలుగురూ లేచి నిలబడి పలకరించడం.

అందుకే నా సలహా ఒక్కటే. ఇంటికి వచ్చాక కనీసం ఒక ఏడాది మీ సంఘంలో ఎవరి కంటా పడని పనులు చేయండి. చాపలు పరవండి, సండే స్కూల్ పిల్లలను ఇళ్లకు దింపండి, మంచాన పడిన ముసలివాళ్లకు మందులు తెచ్చిపెట్టండి. మైకు అడగొద్దు. ఏడాది తర్వాత కూడా ఆ పనుల మీద మనసు ఉంటే, సంఘం పెద్దలు తమంతట తాము మీ పేరు ఎత్తుతుంటే, అప్పుడు పిలుపు గురించి మాట్లాడదాం. పిలుపు మనకు ఒంటరిగా వినిపించవచ్చు, కానీ అది నిజమా కాదా అన్నది నలుగురితో కలిసి తేల్చుకోవాలి.

ఇంకా సర్వీసులో ఉన్నాను. ఇప్పుడే పరిచర్య మొదలుపెట్టవచ్చా?

మీ వ్యక్తిగత ప్రార్థన, బైబిలు పఠనం, సెలవు రోజున దగ్గర్లోని చర్చికి వెళ్లడం, వీటికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ యూనిఫాంలో ఉన్నంతకాలం మీరు ప్రచారకులు కాదు. బ్యారక్‌లో కరపత్రాలు పంచడం, జూనియర్లను ప్రార్థనకు రమ్మని ఒత్తిడి చేయడం తప్పు. కింది ర్యాంకు మనిషి మనకు కాదని చెప్పలేడు. ఆ భయాన్ని విశ్వాసం అనుకోకూడదు.

మందిర్ పరేడ్ (యూనిట్ అంతా కలిసి ప్రార్థనకు వెళ్లడం), సర్వ ధర్మ స్థల్ (అన్ని మతాల ఉమ్మడి ప్రార్థనా స్థలం) విషయంలో కూడా స్పష్టంగా తెలుసుకోండి. తన జవాన్లతో పాటు గర్భగుడిలోకి వెళ్లడానికి ఒప్పుకోని ఒక క్రైస్తవ లెఫ్టినెంట్‌ను 2021లో సర్వీసు నుంచి తొలగించారు. 2025లో ఢిల్లీ హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఆ తీర్పు మీద మన సంఘాల్లో రకరకాల అభిప్రాయాలున్నాయి. మీ మనస్సాక్షి ఎక్కడ నిలబడుతుందో ముందే ఆలోచించుకుని, మీ పాస్టర్ గారితో మాట్లాడుకోండి. పరేడ్ గ్రౌండ్‌లో నిలబడ్డాక ఆలోచించే విషయం కాదది.

సర్వీసులో ఉండగా చేయగలిగిన మంచి పని చదువు. దాని గురించి కింద రాశాను.

ఆర్మీలోనే పాద్రి కావచ్చు కదా?

కావచ్చు, కానీ దారి చాలా ఇరుకు. మన సైన్యంలో అమెరికా, బ్రిటన్‌లలో లాగా ఆఫీసర్ హోదా ఉన్న చాప్లెయిన్లు, అంటే సైన్యంలోనో ఆసుపత్రిలోనో పనిచేసే మతగురువులు, లేరు. రిలీజియస్ టీచర్ అనే జేసీఓ పోస్టు ఉంది. మామూలుగా ధర్మగురు అంటాం. పండిత్, గ్రంథి, మౌల్వీ, పాద్రి, బౌద్ధ భిక్షువు, ఇలా పోస్టులుంటాయి. నాయబ్ సుబేదార్‌గా చేరతారు. పుణెలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేషనల్ ఇంటిగ్రేషన్‌లో వీళ్లకు శిక్షణ ఇస్తారు.

పాద్రికి డిగ్రీ ఉండాలి, తగిన సంఘాధికారుల చేత అభిషేకం (పాస్టర్‌గా లేదా ఫాదర్‌గా అధికారిక నియామకం) పొంది ఉండాలి, స్థానిక బిషప్ గారి ఆమోదిత జాబితాలో పేరుండాలి. ఇటీవలి నోటిఫికేషన్లలో వయసు 25 నుంచి 36 మధ్య అడుగుతున్నారు. 1.6 కిలోమీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. పోస్టులెన్నంటే, 2022లో వచ్చిన నోటిఫికేషన్‌లో మొత్తం 128 ఉంటే పాద్రివి 2. కాబట్టి పూర్తి సర్వీసు చేసి బయటికొచ్చినవారికి ఈ తలుపు వయసు వల్లే మూసుకుపోతుంది.

అయినా ఆ పోస్టు పని చూడండి. ఆరాధన నడపడం, అంత్యక్రియలు చేయడం, ఆసుపత్రిలో ఉన్న జవాన్లను పలకరించడం, శిక్ష అనుభవిస్తున్న సైనికులను కలవడం, పిల్లలకు బోధించడం. ఇవన్నీ బయట కూడా చేయవచ్చు. జీతం లేకపోవచ్చు గాని పనికి కొదవ లేదు.

నేను అగ్నివీర్‌ని. నాలుగేళ్లు అయిపోవస్తున్నాయి. నాకు వర్తించేది ఏమిటి?

మీ లెక్క పూర్తిగా వేరు. పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) లేదు. సేవా నిధి కింద సుమారు 11.71 లక్షలు వస్తాయి. కానీ మీ దగ్గర వయసుంది. 22 ఏళ్లకు బయటికొచ్చినవాడు మూడేళ్లు డిగ్రీ, నాలుగేళ్లు బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనే వేదాంత డిగ్రీ) చదివి, ఒకటి రెండేళ్లు సంఘంలో పనిచేసి అభిషేకం పొందినా 31, 32 లోపే ఉంటాడు. పైన చెప్పిన పాద్రి పోస్టుకు అప్పటికి వయసు మిగిలే ఉంటుంది. ఒకసారి జవానుగా బతికినవాడు పాద్రిగా తిరిగి వెళ్తే ఆ యూనిట్‌కు ఎంత మేలు! ఈ దారి గురించి ఇంకా ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, మాట్లాడాలి.

ఆ డబ్బును మాత్రం చదువుకే దాచండి. బండి, ఫోను, చుట్టాల అప్పులు, వీటిలో ఆర్నెల్లలో కరిగిపోయే మొత్తం అది. సైన్యంలో చదివిన పై తరగతుల సర్టిఫికెట్లు ఉంటే జాగ్రత్తగా పెట్టుకోండి.

వేదాంతం ఎక్కడ చదవాలి? ఈ వయసులో తీసుకుంటారా?

వయసు గురించి చాలా కాలేజీలు పెద్దగా పట్టించుకోవు. మీ సంఘం లేదా డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) స్పాన్సర్ చేయాలంటేనే వయసు లెక్కలు వస్తాయి. అవి ఒక్కో డయోసిస్‌కు ఒక్కోలా ఉంటాయి, అక్కడే అడగండి.

దేశంలో ఎక్కువ పెద్ద సంఘాలు గుర్తించేది సేరంపూర్ సెనేట్ డిగ్రీలను. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు 1818లో బెంగాల్‌లో మొదలుపెట్టిన సేరంపూర్ కాలేజీ డిగ్రీలవి. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై, తర్వాత హైదరాబాద్‌కు మారింది. బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నైలో గురుకుల్ ఉన్నాయి. డిగ్రీ అయినవారికి బీడీ సాధారణంగా నాలుగేళ్లు. గ్రీకు, హీబ్రూ భాషలు ఉంటాయి. భయపడకండి, సియాచిన్ చూసినవాళ్లు వ్యాకరణానికి భయపడనక్కర్లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. 15 ఏళ్ల సర్వీసు పూర్తయిన మెట్రిక్యులేట్లకు గ్రాడ్యుయేషన్‌తో సమానమని ఇచ్చే సర్టిఫికెట్ గ్రూప్-సి ఉద్యోగాలకు పనికొస్తుంది. అది యూనివర్సిటీ డిగ్రీ కాదు. దాన్ని పట్టుకుని బీడీ అడ్మిషన్‌కు వెళ్లి నిరాశపడవద్దు. సర్వీసులో ఇంకా నాలుగైదేళ్లు ఉంటే ఇప్పుడే ఇగ్నోలో గానీ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో గానీ డిగ్రీలో చేరండి. సేరంపూర్ సెనేట్‌కే కలకత్తాలో సెప్టర్ అనే విభాగం ఉంది. క్రైస్తవ అధ్యయనాల్లో డిప్లొమా, బ్యాచిలర్ కోర్సులను బయటి నుంచే చదువుకునే వీలు కల్పిస్తుంది. పోస్టింగ్‌లో ఉన్నవారికి ఇది చక్కగా సరిపోతుంది.

మూడు నెలల్లో డాక్టరేట్ ఇస్తామని, డబ్బు కడితే రెవరెండ్ అని రాసుకోవచ్చని చెప్పేవాళ్లు మీకు తారసపడతారు. పెన్షన్ వచ్చే మనిషి అని తెలిస్తే మరీ ఎక్కువగా. దూరంగా ఉండండి.

గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో మా స్థలంలో ప్రార్థనా మందిరం కడదామనుకుంటున్నాను.

ఆగండి. ఈ ప్రశ్నకు నా సమాధానం ఎప్పుడూ ఇదే.

సైనికులు పెన్షన్‌లో సగం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ముందే ఒకేసారి తీసుకోవచ్చు. చేతికి పెద్ద మొత్తం వస్తుంది. కానీ ఆ మేరకు నెలనెలా వచ్చే పెన్షన్ 15 ఏళ్ల పాటు తగ్గుతుంది. అప్పటికి పిల్లలు ఇంటర్, ఇంజనీరింగ్ వయసుకు వచ్చి ఉంటారు. కట్టడం పునాదుల దగ్గర ఆగిపోయి, ఫీజులకు అప్పు చేసి, చివరికి ఆ బాకీ తీర్చడానికి కానుకల మీద ఆధారపడితే, ఇక ప్రసంగంలో కానుకల మాటే వినిపిస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని వద్దు. ముందు ఇల్లు, పిల్లల చదువు, భార్య పేరు మీద కొంత. తర్వాతే మిగతావి.

పెన్షన్‌ను నేను దేవుడిచ్చిన స్వేచ్ఛగా చూస్తాను. చర్చి నుంచి గానీ ట్రస్టు నుంచి గానీ జీతం తీసుకున్నా పెన్షన్ ఆగదు. కానీ దాని అసలు విలువ వేరు. ఎవరూ పాస్టర్‌ను పోషించలేని చోటికి మీరు వెళ్లగలరు. ఏజెన్సీ గ్రామాలు, ఇటుక బట్టీలు, హైదరాబాద్ చుట్టూ ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు ఉండే షెడ్లు, అలాంటి చోట్లకు. పైగా మీకు హిందీ వచ్చు. మన పాస్టర్లలో చాలామందికి రాదు. పౌలు కొరింథులో డేరాలు కుట్టి సంపాదించుకుంటూ సువార్త చెప్పాడు. మీ డేరాల పని ముందే అయిపోయింది. ఆ స్వేచ్ఛను ఇటుకలకు, సిమెంటుకు తాకట్టు పెట్టకండి.

సంఘం పెరిగి నిజంగానే కట్టడం అవసరమైతే, మీ సొంత పేరు మీద కాదు, 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగా గానీ, ట్రస్టుగా గానీ నమోదు చేసుకుని, దాని ఖాతాలోనే డబ్బు ఉంచండి. విదేశాల నుంచి స్నేహితులు పంపుతామంటే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోవద్దు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థ మూడేళ్లుగా పనిచేస్తూ ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాలి. మీ పెన్షన్ ఖాతాకు రావడం నేరమవుతుంది.

ఆసుపత్రి చాప్లెయిన్ అంటే ఏం చేస్తారు? ప్రార్థన చేసి రావడమేనా?

ప్రార్థన చేయడం అందులో ఒక భాగం. రోగి అడిగితే చేస్తాం, వద్దంటే చేయం. ఎక్కువ సమయం వినడంలోనే పోతుంది. ఆపరేషన్‌కు ముందు రాత్రి నిద్రపట్టని మనిషి, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, బిల్లు ఎలా కట్టాలో తెలియక మెట్ల మీద కూర్చున్న కొడుకు. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. వాళ్లను మార్చడానికి మనం వెళ్లం. బలహీనంగా ఉన్న మనిషి మంచం పక్కన నిలబడి మతం గురించి బేరం ఆడటం పాపమని నా నమ్మకం.

దీనికి శిక్షణ ఉంది. క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ అంటారు, సీపీఈ. 1925లో అమెరికాలో ఆంటన్ బాయిసన్ అనే పాస్టర్ మానసిక వైద్యశాలలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆయన స్వయంగా మానసిక జబ్బుతో ఆసుపత్రిలో ఉండి బయటికొచ్చినవాడు. అమెరికా లెక్క ప్రకారం ఒక యూనిట్ అంటే 400 గంటలు. మన దగ్గర వెల్లూరు సీఎంసీలో, బెంగళూరు బాప్టిస్ట్ ఆసుపత్రిలో ఈ తరహా శిక్షణ ఉంది.

ఇందులో అన్నిటికన్నా కష్టమైనది సంభాషణ రాయడం. రోగితో మాట్లాడి వచ్చాక, తను ఏమన్నాడో మీరు ఏమన్నారో గుర్తున్నంత వరకు మాటకు మాట రాసి గ్రూపులో చదవాలి. రోగి భయం గురించి చెప్పబోతుంటే మీరు ఎక్కడ ధైర్యం చెప్పి నోరు మూయించారో అందరికీ కనబడుతుంది. "ఏం కాదు, ధైర్యంగా ఉండు" అన్న మాట మిలిటరీలో మంచిదే. ఆసుపత్రి మంచం దగ్గర చాలాసార్లు అది తలుపు మూసేస్తుంది. నాతో పాటు నేర్చుకున్న మాజీ సైనికులందరికీ ఇదే మొదటి గట్టి దెబ్బ, ఇదే అన్నిటికంటే విలువైన పాఠం కూడా.

వెల్లూరుకు చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాల నుంచే కాక రాయలసీమ అంతటి నుంచీ రోగులు వెళ్తారు. బెంగాల్, జార్ఖండ్ నుంచీ వస్తారు. తెలుగూ హిందీ రెండూ వచ్చిన మనిషి పక్కన కూర్చుంటే వాళ్ల ముఖాలు ఎలా మారతాయో చూస్తే మీకే అర్థమవుతుంది.

నేను చూసినవి కొన్ని ఇప్పటికీ రాత్రుళ్లు లేపుతున్నాయి. ఇలాంటి మనసుతో పరిచర్యకు పనికొస్తానా?

పనికొస్తారు, కానీ ముందు మీరు చూపించుకోవాలి. ప్రార్థన చేస్తే పోతుందని దాచుకోవద్దు. ఈసీహెచ్ఎస్ ద్వారా మానసిక వైద్యులను కలవవచ్చు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. తోటివాడు పక్కనే పడిపోయినప్పుడు నేనెందుకు మిగిలానన్న ప్రశ్న, ఆజ్ఞ పాటించి చేసిన పని మీద తర్వాత కలిగే బాధ, ఇవి మామూలు భయాల్లాంటివి కావు. వీటికి వైద్యమూ కావాలి, ఒప్పుకోలు వినే మనిషీ కావాలి.

మానని గాయంతో ఇతరుల గాయాల దగ్గరకు వెళ్తే, వాళ్ల కథ వింటూ మన కథలోకి జారిపోతాం. కొంత మానాక వెళ్తే, అదే గాయం వల్ల ఎదుటివాడి మౌనం అర్థమవుతుంది. రిటైరైన సైనికుడు చాప్లెయిన్ దగ్గరకు వచ్చి, "సాబ్, మీరెక్కడ పనిచేశారు" అని అడిగి, పోస్టింగ్ పేరు వినగానే నోరు విప్పడం నేను మళ్లీ మళ్లీ చూశాను. ఆ తలుపు ఇంకెవరికీ తెరుచుకోదు.

నా భార్యకు ఇష్టం లేదు. పిలుపు ముందా, కుటుంబం ముందా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది ఇది: ఆమె ఎందుకు వద్దంటోందో పూర్తిగా విన్నారా?

ఇన్నేళ్లు ఆమె ఒక్కతే పిల్లలను స్కూల్లో చేర్పించింది, మీ అమ్మానాన్నలను ఆసుపత్రికి తిప్పింది, పండగలకు మీరు లేకుండానే చుట్టాల మధ్య తిరిగింది. సరిహద్దులో ఏదైనా జరిగిందని టీవీలో వస్తే ఫోన్ మోగేదాకా అన్నం ముట్టలేదు. మీరు వస్తారని రోజులు లెక్కపెట్టుకుంది. ఇప్పుడు మీరు వచ్చి, నాలుగేళ్లు బెంగళూరులో హాస్టల్లో ఉంటానంటున్నారు. దేవుడు పిలిచాడని చెబితే ఆమె ఎదురు చెప్పలేదు. అందుకే ఆ మాటను ఆమె మీద ప్రయోగించకండి.

పైగా మన సంఘాల్లో పాస్టర్ భార్య అంటే అమ్మగారు. స్త్రీల కూడికలు, వచ్చినవాళ్లకు భోజనాలు, అందరి కన్నూ ఆమె చీర మీద, పిల్లల మార్కుల మీద. ఆ పని ఆమెను అడగకుండానే ఆమె మీద పడుతుంది. మొదటి రెండేళ్లు ఇంట్లో ఉండండి. బయటి నుంచి చదివే కోర్సు చేయండి. కుటుంబానికి క్వార్టర్స్ ఇచ్చే కాలేజీలున్నాయి, వెళ్లాల్సి వస్తే కలిసి వెళ్లండి. ఆమెకు బోధించాలనో, కౌన్సెలింగ్ చేయాలనో ఉంటే ఆమెనూ చదివించండి. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) స్త్రీలు ప్రెస్బిటర్లుగా, అంటే అభిషేకం పొందిన పాస్టర్లుగా ఉన్నారు. కొన్ని ఇళ్లలో అసలు పిలుపు ఆమెదే కావచ్చు.

సంఘంలో ఎవరూ మాట వినరు. క్రమశిక్షణ లేదు. ఎలా?

సంఘం పల్టన్ కాదు. ఎల్డర్ల మీటింగ్‌లో ఒకాయన గంటసేపు మాట్లాడతాడు, ఏదీ తేలదు, వచ్చేవారం మళ్లీ కూర్చుంటారు. ఓపిక పట్టండి. సమయానికి రావడం, లెక్కలు రాయడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, ఈ మూడూ మీరు పాటించి చూపిస్తే చాలు. గట్టిగా అరిస్తే భయపడతారు, మారరు.

ఒక విషయంలో మాత్రం మిలిటరీ అలవాటును వదులుకోవద్దు. లంగర్‌లో (సైన్యం భోజనశాలలో) అందరం ఒకే వరుసలో కూర్చుని తిన్నాం. పక్కవాడి కులం ఏమిటో అడగలేదు, అడగాల్సిన పనీ రాలేదు. మన ఊళ్లలో మాలపల్లికో చర్చి, మాదిగపల్లికో చర్చి, కొన్నిచోట్ల పై కులాల నుంచి వచ్చినవాళ్లకు వేరే వరుస ఉందన్న సంగతి మీకు తెలుసు. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) దగ్గర కూడా ఆ గీతలు పోలేదు. ఒకే కంచంలో తిన్న అనుభవం ఉన్న మనిషి ఆ గీతల మీద మౌనంగా ఉండకూడదు. ఇక్కడ గొంతు పెంచినా తప్పులేదు.

ఎస్సీ సర్టిఫికెట్ విషయం ఏమిటి?

నిజం చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సిలోకి వస్తారు. ఒక పాస్టర్ దాఖలు చేసిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో వివక్ష ఆగిపోదు, కాబట్టి ఈ చట్టం మారాలని నేను బలంగా నమ్ముతాను. దీన్ని పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కానీ చట్టం మారేదాకా, అభిషేకం పొందిన పాస్టర్ ఆ సర్టిఫికెట్ వాడుకుంటే చిక్కుల్లో పడతాడు. పిల్లల చదువులు, ఉద్యోగాల మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. కాబట్టి నిర్ణయానికి ముందే లాయర్‌ను కలిసి, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

పెళ్లిళ్లు చేయవచ్చా?

బిషప్ చేత అభిషేకం పొందిన ప్రెస్బిటర్ అయితే ఆ అధికారం దానితోనే వస్తుంది. స్వతంత్ర సంఘాల పాస్టర్లకు 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కావాలి. లైసెన్సు లేకుండా చేసిన పెళ్లి సర్టిఫికెట్ వీసా సమయంలోనో, ఆస్తి తగాదాలోనో చెల్లకపోతే ఏడ్చేది ఆ అమ్మాయే.

మిలిటరీ క్యాంటీన్ కార్డు మీద వచ్చే మద్యం?

తీసుకోకండి. తెచ్చి ఇమ్మని ఊళ్లో అడుగుతారు, సంఘంలోనే అడుగుతారు. మొదటిసారే కాదనండి. సబ్బులు, మిక్సీలు తెచ్చుకోండి.

మేం కాథలిక్కులం. మాకు దారి ఉందా?

మామూలుగా పెళ్లయినవారు గురువులు (ఫాదర్లు) కాలేరు. లాటిన్ సంప్రదాయంలో పెళ్లయిన పురుషులు 35 ఏళ్లు నిండాక, భార్య సమ్మతితో శాశ్వత డీకన్ (గురువుకు సహాయంగా ఉండే సేవకుడు) కావడానికి చట్టంలో వీలుంది. కానీ మన దేశంలో చాలా తక్కువ మేత్రాసనాల్లోనే (డయోసిస్‌లలోనే) అది అమల్లో ఉంది. పెళ్లికాని యువకుడైతే విచారణ గురువులను (మీ పారిష్ ఫాదర్‌ను) కలిసి సెమినరీ గురించి అడగవచ్చు. గురువు కాకపోయినా ఆసుపత్రి, జైలు సందర్శనలో గృహస్థులు చేయగలిగింది చాలా ఉంది.

మా అబ్బాయి అమెరికా ఆర్మీలో ఉన్నాడు. అక్కడ చాప్లెయిన్ కావాలంటే?

అక్కడ చాప్లెయిన్ ఆఫీసర్. ఆయుధం పట్టడు. 72 క్రెడిట్ గంటల వేదాంత మాస్టర్స్ డిగ్రీ, తన సంఘం నుంచి అధికారిక ఆమోదం, కొంత పరిచర్య అనుభవం కావాలి. సైన్యంలో పనిచేసినవారికి జీఐ బిల్ ద్వారా చదువు ఖర్చు వస్తుంది. శిక్షణ సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో. జవాను చాప్లెయిన్‌తో చెప్పిన మాటను చాప్లెయిన్ కమాండర్‌కు కూడా చెప్పడు, ఇది అక్కడి కఠిన నియమం. హిందువులకూ అక్కడ దారి ఉంది. భారతదేశంలో పుట్టిన ప్రతిమా ధర్మ్ 2011లో అమెరికా ఆర్మీలో తొలి హిందూ చాప్లెయిన్ అయ్యారు.

ఇంకా ఒక ఏడాది సర్వీసు ఉంది. ఈ ఏడాదిలో ఏం చేయాలి?

మీ సంఘం పాస్టర్ గారికి, వీలైతే డయోసిస్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. పదవి అడగొద్దు, నేర్చుకోవాలనుందని మాత్రమే రాయండి. సెలవులో వచ్చినప్పుడు ఒక వారం ఏదైనా మిషన్ ఆసుపత్రిలో చాప్లెయిన్ వెంట తిరగడానికి అనుమతి అడగండి. డిగ్రీ లేకపోతే ఈ సీజన్‌లోనే చేరండి. డిశ్చార్జ్ బుక్‌లో భార్యాపిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోండి, తర్వాత స్పర్శ్‌లో (సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థలో) సరిచేయించుకోవడం చాలా శ్రమ. కమ్యుటేషన్ ఫారం నింపే ముందు భార్యతో కూర్చుని, నెలకు ఎంత వస్తుందో, ఎంత ఖర్చవుతుందో కాగితం మీద రాయండి. ఆ కాగితం మీద ఇద్దరూ ఒప్పుకున్నాకే సంతకం పెట్టండి.